తక్కువ ఖర్చులో సెమీ ఆటోమేటిక్ రైఫిల్: అమెరికాలో తెగని ఒక వాదం

అమెరికాలో ఐదారు వందల డాలర్ల లోపు మొదటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనాలనుకునేవారికి సలహాలు చెప్పేవాళ్లు కావలసినంత మంది దొరుకుతారు. పాత సైనిక రైఫిల్ వెతకమని ఒకరు, ఏఆర్-15 తప్ప మరొకటి చూడవద్దని ఇంకొకరు, ముందు పాయింట్ 22 తూటా కాల్చే చిన్న రైఫిల్‌తో గురి నేర్చుకోమని మరొకరు చెబుతారు. అసలు సెమీ ఆటోమేటిక్ ఎందుకని అడిగేవారూ ఉంటారు. ఎవరికి వారి మాట సబబుగానే ఉంటుంది. అందరివీ విన్నాక మాత్రం ఏదీ తేలదు.

చిక్కు ఎక్కడంటే, ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఒక్కో సలహా ఒక్కో దశాబ్దపు ధరల మీద, ఒక్కో రాష్ట్రపు చట్టం మీద, ఒక్కో అవసరం మీద నిలబడి ఉంది. కింద ఉన్న నేల మారిపోయినా సలహా మాత్రం పాత మాటల్లోనే చేతులు మారుతోంది. డల్లాస్‌లో, అట్లాంటాలో, న్యూజెర్సీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ ఈ చర్చ నడుస్తోంది కనుక దీన్ని మొదటినుంచీ ఒకసారి విప్పి చూడటం అవసరం.

చవక రైఫిల్ నడిచిన దారి

సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలే రైఫిల్. పేలుడు శక్తిలో కొంత భాగమే ఖాళీ తొడుగును బయటికి విసిరి, తర్వాతి తూటాను గదిలోకి ఎక్కిస్తుంది. ఈ రకం అమెరికాలో మొదట వేటగాళ్ల చేతికే వచ్చింది. వించెస్టర్ 1903లో పాయింట్ 22 రైఫిల్‌ను, రెమింగ్టన్ 1906లో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన మోడల్ 8ను అమ్మాయి. సైన్యం జాన్ గరాండ్ తయారుచేసిన ఎం1 రైఫిల్‌ను తీసుకున్నది 1936లో.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షలాది రైఫిళ్లు మిగిలిపోయాయి. పౌరులకు గురి నేర్పించాలని 1903లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం ద్వారా వాటిలో కొన్ని జనానికి చేరాయి. 1963లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సభ్యులకు ఎం1 కార్బైన్ అనే తేలికపాటి పొట్టి రైఫిల్ 20 డాలర్లకు దొరికింది. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం విదేశీ సైనిక మిగులు దిగుమతిని ఆపింది. 1980లలో ఆ తలుపు కొంత తెరుచుకోగానే చైనాలో తయారైన ఎస్‌కేఎస్ రైఫిళ్లు ఓడల్లో దిగాయి. సోవియట్ రూపకర్త సెర్గెయ్ సిమనోవ్ 1945లో తీర్చిదిద్దిన ఈ రైఫిల్ వంద డాలర్ల అటూ ఇటూగా దొరికేది. పేదవాడి రైఫిల్ అంటే ఎస్‌కేఎస్ అన్న అభిప్రాయం ఆ రోజుల్లో పుట్టిందే.

1989 జనవరిలో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఒక బడిలో జరిగిన కాల్పుల తర్వాత అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ ప్రభుత్వం 43 రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల దిగుమతిని నిలిపింది. 1994 మేలో క్లింటన్ ప్రభుత్వం చైనా తుపాకుల, తూటాల దిగుమతిని ఆపేసింది. ఆ తర్వాత రష్యా నుంచి, యుగొస్లావియా నుంచి కొంత సరుకు వచ్చింది గానీ ఆ ఊట క్రమంగా ఇంకిపోయింది. అప్పటి వంద డాలర్ల ఎస్‌కేఎస్ ఇప్పుడు ఐదారు వందలు పలుకుతోంది. మంచి స్థితిలో ఉంటే ఇంకా ఎక్కువే.

ఏఆర్-15 కథ దీనికి తలకిందులు. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఈ రైఫిల్ హక్కుల్ని ఆర్మలైట్ కంపెనీ 1959లో కోల్ట్‌కు అమ్మింది. 1964 నుంచి కోల్ట్ దీన్ని పౌరులకు అమ్మింది. మొదట్లో ఖరీదైన సరుకే. 1977లో పేటెంట్ల గడువు తీరడంతో ఎవరైనా తయారుచేసుకునే వీలు కలిగింది. ఇలాంటి రైఫిళ్ల మీద 1994 సెప్టెంబరు 13న అమల్లోకి వచ్చిన ఫెడరల్ నిషేధం పదేళ్లకు, 2004 సెప్టెంబరు 13న ముగిసింది. ఆపైన ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో అదే కుటుంబానికి చెందిన రైఫిల్ వాడి తిరిగివచ్చిన సైనికులు, వీధికొకటిగా వెలసిన తయారీదారులు, వాళ్ల మధ్య పోటీ కలిసి ధరను నేలకు దించాయి. మార్కెట్లో సరుకు నిండిపోయిందని చెప్పి కోల్ట్ 2019లో పౌర రైఫిళ్ల తయారీని కొంతకాలం ఆపుకుంది. సౌత్ కరోలినాలోని పల్మెటో స్టేట్ ఆర్మరీ వంటి సంస్థల రైఫిళ్లు నాలుగైదు వందల డాలర్లకే వస్తున్నాయి. ఇలాంటి రైఫిళ్లు దేశంలో 2 కోట్ల 40 లక్షలకు పైగా ఉన్నాయని తుపాకుల పరిశ్రమ సంఘం 2022లో అంచనా కట్టింది.

ముప్పై ఏళ్ల కింద చవకైనది ఇవాళ సేకరణకర్తల వస్తువైంది, అప్పటి ఖరీదైనది ఇవాళ అందరికీ అందుతోంది. రైఫిళ్ల మంచిచెడ్డల కంటే దిగుమతి ఉత్తర్వులు, పేటెంట్ గడువులే ఈ మార్పుకు ఎక్కువ కారణం. కొనేవారు మొదట గుర్తుపెట్టుకోవలసింది ఇదే.

సైనిక మిగులును మెచ్చేవారు

వీరి వాదంలో బలం ఉంది. ఎస్‌కేఎస్ దృఢమైనది. పది తూటాలు పట్టే మేగజీన్ రైఫిల్‌కే బిగించి ఉంటుంది కనుక విడిగా కొనాల్సింది లేదు. అది కాల్చే 7.62×39 తూటా మధ్యరకం దూరాల్లో జింక వేటకు పనికివస్తుంది. కెనడా 2020 మేలో ఏఆర్-15తో సహా దాదాపు 1,500 రకాల్ని నిషేధించినప్పుడు ఆ జాబితాలో ఎస్‌కేఎస్ లేదు. అక్కడి ఆదివాసీ వేటగాళ్ల చేతుల్లో అది విస్తారంగా ఉంది.

బలహీనతలూ తక్కువేం కాదు. పాత గ్రీజు సరిగా కడగకపోతే ఎస్‌కేఎస్‌లో ఫైరింగ్ పిన్ ఇరుక్కుని, ట్రిగ్గర్ నొక్కకుండానే వరసగా పేలే ప్రమాదం ఉంది. పాత తూర్పు ఐరోపా తూటాల్లో చాలావరకు గొట్టాన్ని తుప్పుపట్టించే మందు ఉంటుంది. కాల్చిన రోజే శుభ్రం చేసుకోవాలి. ఎం1 గరాండ్ అయితే నేటి శక్తిమంతమైన వేట తూటాల్ని తట్టుకోలేదు. దాని ఆపరేటింగ్ రాడ్ వంగుతుంది. ఆనాటి సైనిక ప్రమాణానికి తగిన తూటాలే వాడాలి.

పాత ప్రభుత్వ కార్యక్రమం 1996లో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ పేరుతో స్వతంత్ర సంస్థగా మారింది. అలబామాలోని ఆనిస్టన్ నుంచి గరాండ్‌లను ఇప్పటికీ అమ్ముతోంది. నిల్వలు తరిగేకొద్దీ ధర పెరుగుతోంది. చరిత్ర మీద ప్రేమతో కొనేవారికి ఇది చక్కటి దారి. తక్కువ ఖర్చు కోసం వెతికేవారికి మాత్రం ఈ దారి మూసుకుపోయిందనే చెప్పాలి.

ఏఆర్ పక్షం, దానిలోపలి తగవు

ఇవాళ అధికసంఖ్యాకుల మాట ఇదే, కారణాలు గట్టివే. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక కంపెనీ భాగం మరో కంపెనీ రైఫిల్‌లో సాధారణంగా అమరుతుంది. మేగజీన్ పది, పదిహేను డాలర్లు. కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను తక్కువ. వెనుక స్టాకు పొడవు మార్చుకోవచ్చు కనుక పొట్టివారు, పొడగరులు ఒకే రైఫిల్‌ను సౌకర్యంగా పట్టుకోగలరు. మన ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ కలిసి శిక్షణకు వెళ్తే ఈ చివరి లాభం విలువ తెలుస్తుంది.

ఈ పక్షంలో లోపలి తగవు ఒకటుంది. పదిసార్లు బాధపడేకన్నా ఒక్కసారి మంచిది కొనాలని, వెయ్యి, పదిహేను వందలు పెట్టమని ఒక వర్గం అంటుంది. ఐదు వందలది కొని మిగతాది తూటాలకూ శిక్షణకూ పెట్టమని మరో వర్గం అంటుంది. ఖరీదైన రైఫిల్‌లో తేడా ఉన్న మాట నిజం. బోల్టును ఒత్తిడి పరీక్ష చేసి ఉంటారు. బోల్ట్ క్యారియర్ మీద గ్యాస్ కీ మరలు ఊడిపోకుండా గట్టిగా నొక్కి ఉంటారు. గొట్టం లోపలి పూత నాణ్యంగా ఉంటుంది. ఏడాదికి ఐదారు వేల తూటాలు కాల్చే పోటీదారుకు ఇవి తెలుస్తాయి. నెలకో రెండు నెలలకో ఒకసారి మైదానానికి వెళ్లేవారికి, బాగా సాధన చేసినవాడి చేతిలోని చవక రైఫిల్‌కూ, కాల్చడమే రానివాడి ఖరీదైన రైఫిల్‌కూ ఉన్నంత తేడా మరెక్కడా కనిపించదు. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 15 స్పోర్ట్, 2014లో వచ్చిన రూగర్ ఏఆర్-556 వంటి పేరున్న కంపెనీల ప్రాథమిక రకాలు ఈ రెండు వర్గాలకూ మధ్య సరైన చోట ఉన్నాయని నా అభిప్రాయం.

కొనేముందు గొట్టం మీద ఏం చెక్కి ఉందో చదవడం తప్పనిసరి. 5.56 అని ఉంటే పాయింట్ 223 తూటాలూ వాడుకోవచ్చు. పాయింట్ 223 అని మాత్రమే ఉంటే 5.56 తూటాలు వాడకూడదు, ఒత్తిడి హద్దు దాటుతుంది.

ఏఆర్‌కు పోటీగా ఎప్పుడూ వినిపించే పేరు రూగర్ మినీ-14. 1973 నాటి ఈ రైఫిల్ చెక్క స్టాకుతో వేటగాడి తుపాకిలా కనిపిస్తుంది. కఠిన చట్టాలున్న కొన్ని రాష్ట్రాల్లో ఆ సాదా రూపమే దాన్ని నిలబెట్టింది. ధర వెయ్యి డాలర్ల దరిదాపుల్లో ఉంది కనుక ఈ చర్చలో దానికి ఎక్కువ చోటు లేదు.

పాయింట్ 22 వాదం

వీరి మాట సాదాసీదాగా ఉంటుంది గనుకనే పట్టించుకునేవారు తక్కువ. 1964లో వచ్చిన రూగర్ 10/22, అంతకు నాలుగేళ్ల ముందు వచ్చిన మార్లిన్ మోడల్ 60 అమెరికాలో తరాలకు గురి నేర్పాయి. మార్లిన్ తయారీ ఆగిపోయినా పాతవి ఎన్నో దొరుకుతాయి. 10/22 కొత్తదే మూడు వందల డాలర్ల చుట్టూ ఉంటుంది.

అసలు బలం తూటాలో ఉంది. పాయింట్ 22 తూటా ఎనిమిది సెంట్లు, 5.56 తూటా నలభై ఐదు సెంట్లు అనుకుందాం. వెయ్యి తూటాలకు 80 డాలర్లు ఒకవైపు, 450 డాలర్లు మరోవైపు. తేడా 370. అంటే మొదటి వెయ్యి తూటాల్లోనే 10/22 రైఫిల్ తన ఖరీదు తానే తీర్చుకుంటుంది. ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్ పేరుతో అమెరికా అంతటా జరిగే వారాంతపు గురి శిబిరాల్లో 10/22 అంతగా కనిపించడానికి కారణం ఇదే. తన్ను ఉండదు కనుక ట్రిగ్గర్ దగ్గర ఉలికిపడే అలవాటు రాదు.

లోపాలూ ఉన్నాయి. పాయింట్ 22 వంటి రిమ్‌ఫైర్ తూటాలు అప్పుడప్పుడు పేలకుండా మిగులుతాయి. ఉడుతలు, కుందేళ్లు దాటి వేటకు పనికిరావు. ఇంటి రక్షణకు దీన్ని ఎంచుకోమని అనుభవజ్ఞులు సాధారణంగా చెప్పరు. అయినా మొట్టమొదటి రైఫిల్ ఏదైతే మంచిదని అడిగితే నా మొగ్గు దీనివైపే.

తొమ్మిది మిల్లీమీటర్ల కార్బైన్, బోల్ట్ యాక్షన్

ఇప్పటికే పిస్టల్ ఉన్నవారు అదే తూటాతో నడిచే కార్బైన్ కొనమంటారు. హై-పాయింట్ 995, మడతపెట్టగలిగే కెల్-టెక్ సబ్-2000, రూగర్ పీసీ కార్బైన్ ఈ కోవలోవి. నాలుగు గోడల లోపలి కాల్పుల కేంద్రాలు చాలావరకు వీటిని ఒప్పుకుంటాయి. బరువైన బోల్టు వెనక్కి కొట్టడం వల్ల అనుకున్నదానికన్నా తన్ను ఎక్కువనిపిస్తుంది. వంద గజాలు దాటితే బలం పడిపోతుంది.

ఇక సెమీ ఆటోమేటిక్ వద్దనేవారి మాటను మర్యాదకోసం విని వదిలేయడం పొరపాటు. జింక వేటే ఉద్దేశమైతే, ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగాల్సిన నాలుగు వందల డాలర్ల సావేజ్ యాక్సిస్ లేదా రూగర్ అమెరికన్ బోల్ట్ యాక్షన్, అదే ధరకు వచ్చే ఏ సెమీ ఆటోమేటిక్ కన్నా నిక్కచ్చిగా కొడుతుంది. పెన్సిల్వేనియాలో 2017 నుంచి చిన్న జంతువుల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను అనుమతించారు గానీ జింకలకు అనుమతించలేదు. కొలరాడోలో పెద్ద జంతువుల వేటకు పాయింట్ 24కన్నా చిన్న గొట్టం పనికిరాదు, అంటే మామూలు ఏఆర్ అక్కడ అక్కరకు రాదు.

తుపాకి వెనకాల ఖర్చు

ఐదు వందల రైఫిల్ ఐదు వందలతో ఆగదు. తూటాలు, గురి అద్దం, మైదానపు రుసుము, చెవులకు రక్షణ, కళ్లద్దాలు, తాళం వేసే పెట్టె అన్నీ కలిపితే మొదటి ఏడాదిలో రైఫిల్ ధరకు రెట్టింపు దాటడం మామూలే. ఏఆర్ వంటి సెంటర్‌ఫైర్ రైఫిల్ చప్పుడు 150 డెసిబెల్స్ మించుతుంది. 140 దగ్గరే చెవికి శాశ్వత హాని మొదలవుతుంది. తాళం కొనడానికి డబ్బు లేదనే మాట చెల్లదు. పరిశ్రమ సంఘం నడిపే ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కేబుల్ తాళాలను పోలీసు శాఖల ద్వారా ఉచితంగా పంచుతోంది. పిల్లలున్న ఇంట్లో తాళం లేని రైఫిల్ ఎంత తక్కువకు దొరికినా కొనదగింది కాదు.

తూటా ధర మీద కొనేవారికి అదుపు లేదు. 2021 ఆగస్టులో అమెరికా విదేశాంగ శాఖ రష్యా తూటాల కొత్త దిగుమతి అనుమతుల్ని ఆపుతున్నట్టు ప్రకటించింది. ఉక్కు తొడుగు 7.62×39 తూటా చవక అన్న ధీమాతో అదే తూటా కాల్చే ఏకే తరహా రైఫిళ్లు, ఎస్‌కేఎస్‌లు కొన్నవారి లెక్క ఆ దెబ్బతో తప్పింది. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల తర్వాత, మళ్లీ 2020లో కోవిడ్ కాలంలో రైఫిళ్లూ తూటాలూ కలిసే కొండెక్కాయి. 2020లో ఫెడరల్ నేపథ్య తనిఖీలు దాదాపు 4 కోట్లకు చేరాయి. భయం పట్టుకున్న నెలల్లో కొనడం అంటే ఎక్కువ పెట్టి తక్కువ తెచ్చుకోవడమే.

చట్టం ముందు, రైఫిల్ తర్వాత

టెక్సస్‌లో రాష్ట్రపు అడ్డంకి పెద్దగా లేదు. కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి. అక్కడ 1989 నుంచీ పేర్లతో, లక్షణాలతో పెరుగుతూ వచ్చిన నిషేధ జాబితా ఉంది, మేగజీన్ విడదీయగల ఎస్‌కేఎస్ కూడా అందులో ఉంది. న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు కావాలి, మేగజీన్‌కు పది తూటాలే హద్దు. పదిహేనుకు మించి పట్టే గొట్టపు మేగజీన్ ఉన్న పాత మార్లిన్ మోడల్ 60, ఉడుతల తుపాకి అయివుండీ, ఆ రాష్ట్రపు 1990 చట్టం కింద నిషిద్ధ వస్తువైంది. ఇల్లినాయ్ 2023 జనవరిలో, వాషింగ్టన్ రాష్ట్రం అదే ఏడాది ఏప్రిల్‌లో ఏఆర్ తరహా రైఫిళ్ల కొత్త అమ్మకాల్ని నిషేధించాయి. ఆస్టిన్‌లో ఉన్న బంధువు సలహా సియాటిల్‌లో ఉన్నవారికి పనికిరాదు.

తెలుగువారికి వీటన్నిటికన్నా ముందు మరొకటి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ప్రవేశించినవారు తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. స్నేహితుడి కోసం తన పేరు మీద కొనిపెట్టడం ఫెడరల్ నేరం. కొనిపెట్టించుకున్న మనిషికి స్వయంగా కొనే అర్హత ఉన్నా అది నేరమేనని సుప్రీంకోర్టు 2014లో అబ్రామ్‌స్కీ కేసులో తేల్చింది. ఎవరో ఒకరు చేసి బయటపడ్డారని విని ఈ సాహసానికి దిగితే, పోయేది డబ్బు ఒక్కటే కాదు, వీసా, చదువు, ఉద్యోగం అన్నీ.

భారతదేశంలో నేపథ్యమే వేరు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకి లేదు. 2019 సవరణతో ఒక వ్యక్తికి రెండు ఆయుధాలే హద్దు అయింది.

ఇంటి రక్షణ: లెక్కలు తేలని చోటు

చవక రైఫిల్ కొనేవారిలో చాలామంది చెప్పే కారణం ఇంటి రక్షణ. ఆధారాలు అతి తక్కువగా కుదిరే చోటు కూడా ఇదే. ఇంట్లో తుపాకి ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లని ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం 1993లో ప్రచురించింది. ప్రమాదం ఉన్నవారే తుపాకి కొంటారు గనుక కారణం, ఫలితం తారుమారయ్యాయని విమర్శకులు అన్నారు. ఏటా 25 లక్షల సార్లు తుపాకితో ఆత్మరక్షణ జరుగుతోందని గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ 1995లో రాశారు. ప్రభుత్వపు నేర బాధితుల సర్వే లెక్క అందులో చాలా చిన్న భాగం. ముప్పై ఏళ్లు గడిచినా ఈ రెండు అంకెల మధ్య అగాధం పూడలేదు.

వివాదం లేనివి రెండున్నాయి. అమెరికా తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. తుపాకి రకం తెలిసిన హత్యల్లో రైఫిళ్ల వాటా కొద్ది శాతమే, పిస్టళ్లదే సింహభాగం. మొదటిది, ఇంట్లో ఎవరైనా మనోవేదనలో ఉన్నప్పుడు రైఫిల్ కొనుగోలును వాయిదా వేయడానికి చాలినంత కారణం. రెండోది రైఫిల్ నిషేధాల ప్రయోజనం మీద సాగే వాదానికి మూలం.

గోడలు దాటే తూటాల సంగతీ ఉంది. తేలికపాటి 5.56 తూటా జిప్సం గోడలో ముక్కలై బలం కోల్పోతుందని, తొమ్మిది మిల్లీమీటర్ల తూటాయే ఎక్కువ దూరం పోతుందని చెప్పేవారికి కొన్ని పరీక్షల బలం ఉంది. కానీ మనిషిని ఆపగల ఏ తూటా అయినా అమెరికా ఇళ్ల పల్చటి గోడల్ని దాటుతుంది. పక్క గదిలో పడుకున్న పిల్లలకు ఈ పోలిక ఏమీ భరోసా ఇవ్వదు.

ఇంకా తేలనివి

చవక రైఫిళ్ల మన్నిక మీద వాదం ఎంత వేడిగా సాగినా, ఏ రకం ఎన్ని వేల తూటాలకు ఎన్నిసార్లు మొరాయించిందో తయారీదారులు బయటపెట్టరు. రెండు పక్షాలూ విడివిడి అనుభవాలనే సాక్ష్యంగా చూపిస్తున్నాయి. శిక్షణ తప్పనిసరి చేయాలా అన్నది రాష్ట్రానికో తీరుగా ఉంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న కోర్టుల్లో ఉంది. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు, తుపాకి చట్టాలు దేశ చారిత్రక సంప్రదాయానికి సరిపడాలని కొత్త కొలబద్ద పెట్టింది. ఆ కొలబద్దతో రాష్ట్రాల ఏఆర్ నిషేధాల్ని ఎలా కొలవాలో కింది కోర్టులు వాదించుకుంటున్నాయి. మేరీలాండ్ 2013 నిషేధం మీద వచ్చిన అప్పీలును సుప్రీంకోర్టు 2025 జూన్‌లో విచారణకు తీసుకోలేదు. ముగ్గురు న్యాయమూర్తులు తీసుకోవాలన్నారు. నాలుగో న్యాయమూర్తి బ్రెట్ కవనా, ఒకటి రెండు విడతల్లో ఈ ప్రశ్నను కోర్టు బహుశా చేపడుతుందని రాశారు. ఆ ప్రశ్న మీద వచ్చే తీర్పును బట్టి ఏఆర్ ధర, లభ్యత, ఇప్పటికే కొన్నవారి హక్కులు మూడూ ఒక్కసారిగా మారవచ్చు.